మాస్టారికి కానుకగా చెక్క పెన్సిల్: లేత్ మీద ఎలా చేయాలి, ఏ కర్ర, ఏ పాలిష్?

ప్రశ్న క్లుప్తంగా: హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు వచ్చే నెల రిటైర్ అవుతున్నారు. ఆయన ఇప్పటికీ పెన్సిల్‌తోనే లెక్కలు చేస్తారు. నా దగ్గర చిన్న చెక్క లేత్ ఉంది. బొంగరాలు, కుంకుమ భరిణెలు చేశాను గానీ పెన్సిల్ ఎప్పుడూ చేయలేదు. మార్కెట్లో దొరికే పెన్సిల్ కిట్ వాడాలా, అసలైన చెక్క పెన్సిలే చేయాలా? బడిలో పక్కన పడేసిన పాత టేకు బెంచీ ముక్క ఉంది, అది పనికొస్తుందా, లేక జిట్రేగి (రోజ్‌వుడ్) కొనాలా? ఏటికొప్పాక బొమ్మల మీద ఉండే లక్క మెరుపు దీనికీ తేవచ్చా?

సమాధానం:

మీ మాస్టారు పెన్సిల్‌తోనే లెక్కలు చేస్తారన్నారు కదా, ఆ ఒక్క మాటతో సగం నిర్ణయాలు అయిపోయాయండీ. చెక్కతో చేసిన పెన్సిళ్లు, పెన్నులు కానుకగా అందుకున్న చాలామంది వాటిని షోకేసులో పెట్టేస్తారు. చూడ్డానికి బాగుంటాయి, చేతికి మాత్రం పట్టు కుదరదు. మీరు చేసేది ఆయన రోజూ జేబులో పెట్టుకుని వాడేది కావాలి. లెడ్ ఎంత సన్నం, ఒళ్లు ఎంత లావు, పాలిష్ ఏది అన్నవన్నీ అక్కడి నుంచే తేల్చుకుందాం.

ముందు కిట్ సంగతి. కిట్ అంటే లెడ్‌ను బయటికి నెట్టే మెకానిజం, ఇత్తడి గొట్టాలు, కొన, క్లిప్ ఉన్న సెట్టు, చెక్క ఒళ్లు మాత్రం మనం చేసి తొడగాలి. మూడు రకాలు తేలిగ్గా దొరుకుతాయి. 0.7 లేదా 0.9 మిల్లీమీటర్ల లెడ్‌తో రాసేవి, 5.6 మిల్లీమీటర్ల లావు లెడ్ పట్టుకునేవి. లావు లెడ్‌ది బొమ్మలు గీసేవాళ్లకీ, కర్ర మీద గుర్తులు పెట్టుకునే వడ్రంగులకీ బాగుంటుంది. లెక్కలు చేసే మనిషికి అది పనికిరాదు, అంకెలు అలుక్కుపోతాయి. 0.5 మెకానిజం దొరికినా వద్దు. ఒత్తి రాసే చేతిలో ఆ లెడ్ పుటుక్కున విరుగుతుంది. 0.7 తీసుకోండి. లెడ్ మాత్రం మామూలు హెచ్‌బీ బదులు 2బి వేయండి. అరవై దగ్గర పడ్డ కళ్లకు నల్లగా కనిపించడం ముఖ్యం, పైగా తేలిగ్గా చెరుగుతుంది కూడా.

అసలైన చెక్క పెన్సిల్ చేయడం నాకూ ఇష్టమైన పనే, దాని గురించి కింద వివరంగా రాస్తాను. కానీ దానితో ఒక చిక్కు. చెక్కినకొద్దీ అది తరిగిపోతుంది. మీరు ప్రేమగా చేసిచ్చినదాన్ని చెక్కడానికి ఆయనకు చేతులు రావు, అలా అది షోకేసుకే చేరుతుంది. కిట్ అయితే లెడ్ అయిపోతే ఇంకోటి వేసుకుంటారు, చెక్క అలాగే ఉంటుంది. కాబట్టి మాస్టారికి కిట్ పెన్సిలే చేయండి.

కర్ర విషయంలో నాకు సందేహమే లేదు, బెంచీ ముక్కే వాడండి. జిట్రేగి అందమైనదే, లేత్ మీద చక్కగా తెగుతుంది, కాదనను. కానీ మాస్టారు ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన గదిలోని బెంచీతో చేసినదానికి ఏ జిట్రేగీ సాటిరాదు. పనితనం పరంగా చూసినా పాత బెంచీలో లాభం ఉంది. ఏళ్ల తరబడి ఆరిన టేకు కాబట్టి ఇక వంకర పోదు, పగుళ్లివ్వదు. కొత్తగా డిపోలో కొన్న ముక్క పచ్చిదో ఆరిందో బయటికి తెలీదు. లోపల తడి ఉంటే పెన్సిల్ చేసిన నెలకే ఇత్తడి గొట్టం చుట్టూ చెక్క చీలుతుంది. చెక్క ఆరినకొద్దీ ముడుచుకుంటుంది, లోపలి ఇత్తడి ముడుచుకోదు, అదీ కారణం. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పక్కన పడేసిన బెంచీ అయినా బడి ఆస్తే, హెడ్‌మాస్టారిని అడిగి తీసుకోండి. ఎవరైనా ఎర్రచందనం ముక్క ఇస్తామంటే మాత్రం వద్దనండి. కాగితాలు లేని ఎర్రచందనం ఇంట్లో ఉండటమే తప్పు.

బెంచీ ముక్కను లేత్‌కు ఎక్కించే ముందు అయస్కాంతంతో నాలుగు వైపులా తడమండి. విరిగిన మేకు లోపల ఉంటే ఉలి అంచు పోతుంది, ముక్క ఎగిరి ముఖాన కొడుతుంది. పైపైన ఉన్న పాత వార్నిష్, సిరా మరకలు చిత్రిక పట్టి తీసేయండి. టేకులో మేకు దిగిన చోట చుట్టూ నల్లటి మచ్చ ఏర్పడుతుంది. ఇనుము, కర్రలోని వగరు పదార్థం కలిసి చేసే రంగు అది. మేకు బయటికి వచ్చేసి, కర్ర గట్టిగా ఉంటే ఆ మచ్చను వదులుకోకండి. నేనైతే పెన్సిల్ పై భాగంలో జేబులోంచి కనిపించే చోట అది పడేలా కోస్తాను. చూడగానే అది బెంచీ కర్ర అని తెలిసిపోతుంది.

ముక్క 18 నుంచి 20 మిల్లీమీటర్ల చదరం ఉంటే చాలు. నార నిలువుగా పొడవునా సాగాలి. అడ్డదిడ్డంగా తిరిగిన నార, కణుపులు చూడ్డానికి బాగున్నా మొదటి పెన్సిల్‌కు వద్దు. మామూలు సన్న కిట్‌లో రెండు ఇత్తడి గొట్టాలు ఉంటాయి, ఒక్కోటి ఐదు సెంటీమీటర్ల పైచిలుకు. ఒకే పొడవు ముక్క తీసుకుని మధ్యకు కోయబోయే ముందు ఒక పక్కన ఏటవాలుగా గీత గీయండి, కోసే చోటు మీదుగా పోయేలా. కోశాక ఏ చివర ఏ చివరకు ఆనాలో, ఏ పక్క పైకి ఉండాలో ఆ గీత చెబుతుంది. రెండు ముక్కలకూ చిల్లు వేసేటప్పుడు మధ్య కోత వైపు నుంచే వేయడం మొదలుపెట్టండి. డ్రిల్ బిట్ లోపలికి పోయినకొద్దీ కాస్త పక్కకు జరగడం సహజం. మధ్య నుంచి మొదలుపెడితే ఆ తేడా రెండు కొనల వైపు పోతుంది, మధ్యలో మాత్రం నార గీతలు ఒకదానికొకటి అతికినట్టు కలుస్తాయి. ఒక్కో ముక్క గొట్టం కన్నా ఐదారు మిల్లీమీటర్లు పొడవుంచండి. బిట్ అవతలికి వచ్చే చోట చెక్క చిట్లుతుంది, ఆ చిట్లిన భాగం తర్వాత కోసేయవచ్చు.

ఈ పని మొత్తంలో చిల్లుకే ఎక్కువ ఓపిక కావాలి. పైన ఎంత నున్నగా తిప్పినా, చిల్లు ఒక పక్కకు పోతే అటువైపు చెక్క కాగితంలా పలచబడి పగులుతుంది. ఈ కిట్లకు సాధారణంగా 7 మిల్లీమీటర్ల బిట్ సరిపోతుంది, అయినా గొట్టాన్ని కాలిపర్‌తో కొలిచి చూసుకోండి. పాత బిట్ వద్దు, హార్డ్‌వేర్ షాపులో కొత్తది కొనండి. చెక్కను లేత్ చక్‌లో (తిరిగే పట్టులో) పట్టి, బిట్‌ను టెయిల్‌స్టాక్‌లో (లేత్ అవతలి కొసన ముందుకూ వెనక్కీ జరిపే భాగంలో) పెట్టి వేస్తే చిల్లు నిటారుగా పడుతుంది. చేతి డ్రిల్‌తో మాత్రం వద్దు. వేగం నిమిషానికి 500, 600 చుట్లు దాటనివ్వకండి. సెంటీమీటరు లోపలికి పోగానే బిట్ బయటికి లాగి పొట్టు దులపండి, మళ్లీ పోనివ్వండి. పొట్టు లోపల ఇరుక్కుంటే వేడి పుడుతుంది, వేడికి కర్ర లోపల్నుంచి నెర్రె విడుస్తుంది. ఆ నెర్రె అప్పుడు కనిపించదు, పాలిష్ వేశాక కనిపిస్తుంది. బిట్ బయటికి తీసినప్పుడు వేలితో తాకి చూడండి, చురుక్కుమంటే ఆగి చల్లారనివ్వాలి. కాలిన వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

గొట్టాలను అతికించడానికి రెండు ట్యూబుల్లో వచ్చే ఆరాల్డైట్ లాంటి ఎపాక్సీ జిగురు వాడండి. ఫెవిక్విక్ లాంటివి మొదటిసారికి వద్దు. గొట్టం సగం దూరం పోగానే పట్టేసుకుంటుంది, ఇక ముందుకూ పోదు, వెనక్కీ రాదు. ఇత్తడి నున్నగా ఉంటే జిగురు పట్టదు, 150 నంబరు శాండ్‌పేపర్‌తో గరుకు చేయండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి చిల్లు లోపల అసిటోన్‌తో తుడిచి ఆరనివ్వండి. జిగురు గొట్టం లోపలికి పోతే మెకానిజం దిగదు. అందుకు సులువైన ఉపాయం ఉంది. పచ్చి బంగాళదుంపను అర సెంటీమీటరు మందాన ముక్క కోసి, గొట్టం కొనను అందులోకి గుచ్చండి. దుంప ముక్క బిరడాలా కొనలో ఇరుక్కుంటుంది. జిగురు రాసి, గొట్టాన్ని తిప్పుతూ లోపలికి నెట్టండి. తిప్పకుండా నెడితే జిగురంతా మూతి దగ్గరే ఆగిపోతుంది. రాత్రంతా వదిలేసి, పొద్దున దుంపను పుల్లతో పొడిచి తీసేయండి. తొందరపడి గంటలోనే లేత్ ఎక్కించవద్దు.

తర్వాత కొనలు చదును చేయడం. బ్యారెల్ ట్రిమ్మర్ అనే చిన్న పనిముట్టు ఉంటుంది, దాని కడ్డీ గొట్టంలోకి పోతుంది, పళ్లు చెక్క కొనను గొట్టానికి సరిగ్గా లంబంగా కోస్తాయి. ఇత్తడి అంచు తళుక్కుమని కనిపించగానే ఆపండి. అక్కడితో ఆపకపోతే గొట్టం పొట్టిదైపోయి, చివర్లో మెకానిజం బయటికి పొడుచుకొస్తుంది. ఈ కొనలు వంకరగా ఉంటే బిగించాక రెండు భాగాల మధ్య సన్నటి సందు కనిపిస్తుంది. ఎంత పాలిష్ వేసినా ఆ సందు దాగదు.

ఇప్పుడు ముక్కలను మాండ్రెల్ మీదకు, అంటే వాటిని గుచ్చి తిప్పే సన్నటి లోహపు కడ్డీ మీదకు ఎక్కించండి. బుష్, చెక్క, బుష్, చెక్క, బుష్ వరసలో. బుష్ అంటే చెక్క కొన ఎంత లావు ఉండాలో చూపే లోహపు ఉంగరం. మాండ్రెల్ కొసన ఉన్న మరను (నట్టును) వేళ్లతోనే బిగించండి, స్పానర్ వద్దు. టెయిల్‌స్టాక్ కూడా ఊరికే ఆనేంత వరకే. సన్నటి మాండ్రెల్‌ను రెండు వైపుల నుంచి గట్టిగా నొక్కితే విల్లులా వంగుతుంది, అలా వంగి తిరిగే చెక్క గుండ్రంగా రాదు. ఒక పక్క బుష్‌తో సమంగా, ఎదురు పక్క మెట్టులా తేడా వస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. కొత్తవాళ్లు ఉలిని తప్పుపడతారు, మరను కాస్త వదులు చేసి చూస్తే సరైపోతుంది.

చతురస్రపు మూలలు పోయేదాకా రఫింగ్ గౌజ్‌తో (మొదటి గరుకు పనికి వాడే గుంట ఉలితో), తర్వాత స్క్యూతోగానీ (ఏటవాలు అంచు ఉలి) చిన్న స్పిండిల్ గౌజ్‌తోగానీ (సన్న గుంట ఉలి) పని చేయండి. బొంగరాలు చేశారంటున్నారు కాబట్టి ఉలి పట్టు మీకు వచ్చే ఉంటుంది. తేడా ఒక్కటే, ఇక్కడ చెక్క మందం రెండు మూడు మిల్లీమీటర్లే. వేగం 2000 దాటించి, ఉలిని తేలిగ్గా ఆనించి, పలచగా తియ్యాలి. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, ఉలి పదును ఇట్టే పోతుంది. పొట్టు పొడవాటి చుట్టలుగా రాకుండా పొడిగా రాలుతోందంటే ఉలి మొద్దుబారినట్టే, ఆపి సాన పట్టుకోండి. కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. టేకు పొడి కొందరికి ఒంటి మీద దద్దురు తెస్తుంది, జిట్రేగి పొడి ఇంకా ఎక్కువ.

లావు గురించి కాస్త ఆలోచించండి. కిట్‌తో వచ్చే బుష్‌లు ఒళ్లంతా ఒకే సన్నటి లావులో చేసేయమన్నట్టు ఉంటాయి. చాలామంది అలాగే చేస్తారు. ఎక్కువసేపు రాసేవారికి అంత సన్నం నొప్పి పుట్టిస్తుంది, గట్టిగా పట్టుకోవాల్సి వస్తుంది కాబట్టి. రెండు కొనల దగ్గర బుష్‌తో సమానంగా ఉంటే చాలు, మధ్యలో మీ ఇష్టం. కింది భాగంలో వేళ్లు పట్టే చోటు, అంటే కొన నుంచి రెండున్నర, మూడు సెంటీమీటర్ల పైన, 11 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా ఉబ్బనివ్వండి. అక్కడి నుంచి కొన వైపు మెల్లగా తగ్గించండి. ఉబ్బు చూసీ చూడనట్టు ఉండాలి. మాస్టారు ఇప్పుడు వాడే పెన్ను ఎవరి ద్వారానైనా ఒక పూట దొరికితే దాని లావు కాలిపర్‌తో కొలుచుకోండి. ఏళ్ల తరబడి ఆయన చేతికి అలవాటైన కొలత అది. పెన్సిల్ పట్టుకుని రాస్తున్న ఫొటో ఒకటి చూసినా, కొనకు దగ్గరగా పట్టుకుంటారా పైన పట్టుకుంటారా తెలుస్తుంది, ఉబ్బు అక్కడ పెట్టొచ్చు. గాళ్లు, పూసల్లాంటి అలంకారాలు వేళ్లు ఆనే చోట వద్దు. పై భాగంలో ఒక సన్న గీత గీసినా చాలు.

శాండ్‌పేపర్ 150తో మొదలుపెట్టి 220, 320, 400, 600 దాకా వెళ్లండి, ఏ నంబరూ దాటేయకుండా. ఒక్కో నంబరు అయ్యాక లేత్ ఆపి, అదే కాగితంతో నార వెంట పొడవునా నాలుగుసార్లు రుద్దండి. తిరిగే చెక్క మీద రుద్దితే చుట్టూ సన్నటి గీతలు మిగులుతాయి. పాలిష్ వేశాక వెలుగులో అవి ఉంగరాల్లా కనిపిస్తాయి. లేత్ ఆపి పొడవునా రుద్దితేనే అవి పోతాయి.

ఇక లక్క. ఏటికొప్పాక మెరుపు గురించి అడిగారు కదా, అది కేవలం పైపూత అనుకుంటే పొరపాటు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, నార సన్నగా ఉంటుంది, పైన రంధ్రాలు కనిపించవు. కర్ర లేత్ మీద తిరుగుతుండగా రంగు కలిపిన లక్క కడ్డీని గట్టిగా నొక్కుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. దాని మీద మొగలి ఆకు ఒత్తితే సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. బ్రష్ లేదు, ఆరబెట్టడం లేదు. గింజలు, బెరడు, వేళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులను తిరిగి వాడకంలోకి తెచ్చినందుకు ఆ ఊరి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మీకు వీలైతే ఒక్కసారి వెళ్లి, కడ్డీని ఎంత ఒత్తిడితో ఎంతసేపు ఆనిస్తారో దగ్గర నుంచి చూడండి. ఎంత చదివినా ఆ ఒత్తిడి అంచనాకు రాదు.

మీ టేకు పెన్సిల్‌కు మాత్రం ఆ పద్ధతి వద్దంటాను. టేకు నారలో పొడవాటి రంధ్రాలుంటాయి, కడ్డీ లక్క వాటి మీద గుంటలు గుంటలుగా కనిపిస్తుంది. పైగా రంగు లక్క వేస్తే బెంచీ కర్ర కనిపించకుండా పోతుంది, అసలు దాన్ని ఎంచుకున్నదే కనిపించడం కోసం. ఇంకో కారణం కూడా ఉంది. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. శానిటైజర్ రాసుకున్న చేత్తో పట్టుకుంటే వేలిముద్రలు పడి జిగటగా అవుతుంది. ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలేసినా మెత్తబడుతుంది. బొమ్మకు ఆ ఇబ్బంది లేదు, రోజూ చెమట చేతిలో ఉండే పెన్సిల్‌కు ఉంది. షెల్లాక్ (శుద్ధి చేసిన లక్క) పలుకులు స్పిరిట్‌లో కరిగించి వేసే పాలిష్‌ది కూడా ఇదే గుణం. టేకు మీద అది ఎంతో అందంగా ఉంటుందన్నది నిజమే గానీ వేళ్లు ఆనే చోట నిలవదు.

కాబట్టి పెన్సిల్‌కు పలచటి సూపర్ గ్లూ పూత వేయండి. ముందు రెండు చుక్కలు పూసి, తడిగా ఉండగానే 400 కాగితంతో రుద్దితే చెక్క పొడి, గ్లూ కలిసి రంధ్రాల్లో నిండుతాయి. ఆరాక టిష్యూ పేపర్ మడతతో పలచగా ఒక్కో పూత వేసుకుంటూ వెళ్లండి, ఆరు నుంచి ఎనిమిది పూతలు చాలు. నూలు గుడ్డ ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి. నూలుతో ఈ గ్లూ కలిస్తే వేడి పుట్టి పొగ వస్తుంది, వేలు కాలుతుంది. కిటికీలు తెరిచి పెట్టుకోండి, ఆ ఆవిరి కళ్లు మండిస్తుంది. బుష్‌లకు ముందే కొంచెం మైనం రాయకపోతే అవి చెక్కకు అతుక్కుపోతాయి. చివర్లో వెయ్యి నంబరు దాటిన కాగితంతో తడి చేసి రుద్ది, గుడ్డకు మెరుగు పేస్టు రాసి తిప్పితే సరి. పూర్తి గాజు మెరుపు కన్నా కాస్త మందంగా ఉంచడమే నాకు ఇష్టం. చెక్కను పట్టుకున్నట్టు ఉంటుంది, చేతిలో జారదు.

బిగించడానికి సుత్తి వద్దు. వైస్ దవడలకు చెక్క ముక్కలు అడ్డం పెట్టి మెల్లగా నొక్కండి, లేదా లేత్ టెయిల్‌స్టాక్‌తోనే నొక్కొచ్చు. ముందు కొన, తర్వాత మెకానిజం, చివర క్లిప్ అన్నది సాధారణ వరస. మీ కిట్ కాగితం వేరేలా చెబితే అదే పాటించండి. మెకానిజాన్ని ఒకేసారి పూర్తిగా దించేయకండి. కొద్దికొద్దిగా నొక్కుతూ, లెడ్ సరిగ్గా బయటికి వస్తోందో లేదో చూసుకుంటూ వెళ్లండి. లోపలికి ఎక్కువ దిగితే తిరిగి తీయడం చాలా కష్టం. బిగించాక ఒక పేజీ నిండా మీరే లెక్కలు చేసి చూడండి. రాసేటప్పుడు చిన్న కదలిక ఉన్నా, లెడ్ లోపలికి జారుతున్నా అది ఇవ్వకముందే తెలియాలి.

ఇప్పుడు అసలైన చెక్క పెన్సిల్. దీన్ని అంకుడు కర్రతో చేయండి, మీరు కోరుకున్న లక్క దీనికే చక్కగా కుదురుతుంది. కొని తెచ్చే పెన్సిళ్లు ఎలా ఉంటాయో తెలిస్తే పని అర్థమవుతుంది. రెండు పలచటి పట్టీల మీద గాళ్లు తీసి, మధ్యలో లెడ్ పెట్టి అతికిస్తారు. మన దేశంలో ఆ పట్టీలు ఎక్కువగా కశ్మీర్ పాప్లర్ కర్రవి, పుల్వామా జిల్లాలోని ఉక్కూ గ్రామం ఆ పనికే పేరుపడింది. మెత్తగా, నిటారు నారతో ఉండే కర్రే ఎందుకంటే, షార్ప్‌నర్ బ్లేడు కింద చిట్లకుండా చుట్టలా లేవాలి. టేకు, జిట్రేగి ఇందుకు గట్టివి, లెడ్ విరిగాకే చెక్క తెగుతుంది. అంకుడు బ్లేడుకు తేలిగ్గా లొంగుతుంది.

2 మిల్లీమీటర్ల లెడ్ కడ్డీలు డ్రాయింగ్ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. పేరు లెడ్డే గానీ అందులో సీసం లేదు, గ్రాఫైట్, బంకమట్టి కలిపి కాల్చినది. 1795లో ఫ్రాన్స్‌లో కోంటె ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నప్పటి నుంచీ అంతే. మట్టి పాలు పెరిగినకొద్దీ గట్టిపడి హెచ్ వైపు, గ్రాఫైట్ పెరిగినకొద్దీ నల్లబడి బి వైపు వెళ్తుంది. ఇక్కడా 2బి తీసుకోండి.

ఆరు మిల్లీమీటర్ల మందం, 12 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న రెండు అంకుడు పట్టీలు, లెడ్ కన్నా రెండు సెంటీమీటర్లు ఎక్కువ పొడవున చిత్రిక పట్టుకోండి. ఒక్కోదాని మధ్యలో ఒక మిల్లీమీటరు లోతు అర్ధవృత్తపు గాడి కావాలి. దానికి మెషిన్ అక్కర్లేదు. పాత హ్యాక్సా బ్లేడు ముక్క కొనను గ్రైండర్ మీద 2 మిల్లీమీటర్ల వెడల్పు గుండ్రటి నాలుకలా అరగదీసి, చెక్క దిమ్మకు బిగించండి. దిమ్మ అంచును పట్టీ పక్కకు ఆనించి లాగుతూ పోతే గాడి తనంతట తనే నిటారుగా పడుతుంది. ప్రతిసారీ జుట్టంత పలచగా తియ్యాలి. లెడ్ అందులో సగం మునిగి, సగం పైకి తేలితే సరైన లోతు.

రెండు గాళ్లకూ పొడవునా ఫెవికాల్ రాయండి, ఎక్కడా ఖాళీ మిగలకూడదు. పెన్సిల్ కింద పడ్డప్పుడు లోపల లెడ్ ముక్కలైపోయేది జిగురు లేని చోటే. రెండు కొనల దగ్గర సెంటీమీటరు మేర లెడ్ లేకుండా వదిలి, ఆ గాడిలో అగ్గిపుల్ల ముక్క పెట్టండి. లేత్ సెంటర్ మొన సూటిగా లెడ్‌కు తగిలితే లెడ్ నలుగుతుంది, అగ్గిపుల్ల ఆ దెబ్బ కాస్తుంది. పని అయ్యాక ఆ కొనలు కోసేస్తారు. అతికించాక బిగింపులు పెట్టి మర్నాటి దాకా కదపవద్దు. సెంటర్ సరిగ్గా అగ్గిపుల్ల మీదే పెట్టండి, అప్పుడే లెడ్ పెన్సిల్ నట్టనడుమ ఉంటుంది. ఒక పక్కకు ఉంటే చెక్కినప్పుడు ఒకవైపు చెక్క పైకి పాకి కనిపిస్తుంది.

ఇంత పొడవు, ఇంత సన్నం కర్ర లేత్ మీద తిరిగితే మధ్యలో వణుకుతుంది. ఆ వణుకుకు టకటకమని శబ్దం వస్తుంది, ఒంటి మీద మరలాంటి గీతలు పడతాయి. టెయిల్‌స్టాక్ వైపు నుంచి మొదలుపెట్టి, కొంత మేర పూర్తిగా సన్నం చేసుకున్నాకే హెడ్‌స్టాక్ (లేత్ మోటారు ఉండే కొస) వైపు జరగండి. ఇంకా లావుగా ఉన్న భాగం వెనక ఆసరాగా ఉంటుంది. ఎడమ చేతి వేలు కర్ర వెనక మెత్తగా ఆనించి పట్టుకుంటే వణుకు చాలావరకు ఆగుతుంది. వేలు వేడెక్కుతోందంటే ఎక్కువ నొక్కుతున్నారన్నమాట. పొడవాటి చొక్కా చేతులు, చేతి గ్లవ్స్, మెడలో తువాలు ఏవీ ఉండకూడదు. మామూలు షార్ప్‌నర్‌లో దూరాలంటే 8 మిల్లీమీటర్లు మించకూడదు, మాండ్రెల్ లేదు కాబట్టి కాలిపర్‌తో తరచూ కొలుచుకోండి. శాండ్‌పేపర్ అయ్యాక లక్క. అంత సన్నటి కర్ర మీద కడ్డీని గట్టిగా నొక్కితే విరుగుతుంది, అందుకే వెనక నుంచి వేలికి బదులు మెత్తటి చెక్క ఆసరా ఇచ్చి, రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున వేసుకుంటూ పోండి. చెక్కే కొన వైపు రెండు సెంటీమీటర్లు లక్క లేకుండా వదలండి, లేకపోతే చెక్కేటప్పుడు పెచ్చులు లేస్తుంది.

రిటైర్‌మెంట్ వచ్చే నెలే అన్నారు, ఆ టైం సరిపోతుంది. కిట్లు రెండు తెప్పించుకోండి. మొదటిది వేప కర్రతో చేసి మీరే వాడండి. వేప దొరకడం తేలిక, లేత్ మీద చక్కగా తెగుతుంది, బెంచీ ముక్క ఒక్కటే కాబట్టి దాని మీద నేర్చుకోకూడదు. వేప పెన్సిల్‌తో వారం రాస్తే ఉబ్బు ఎక్కడ ఉండాలో, పూత ఎంత ఉండాలో మీ చేతికే అర్థమవుతుంది.

పేరు చెక్కించాలా అని చాలామంది అడుగుతారు. ఒంటి మీద లేజర్‌తో పెద్ద అక్షరాలు వద్దు, వేళ్ల కింద గరుకుగా తగులుతాయి. పెట్టెలో ఒక కాగితం పెట్టండి. అందులో బడి పేరు, ఏ గదిలోని బెంచీ కర్రో, ఏ సంవత్సరం చేశారో రాయండి. దాంతో పాటు 0.7 లెడ్ డబ్బాలు రెండు, 2బివి, ఒక మంచి ఎరేజర్. లెడ్ ఎలా మార్చాలో ఇచ్చేటప్పుడే చేసి చూపించండి. మాస్టార్లకు ఎవరూ ఆ మాట చెప్పరు, మొదటి లెడ్ అయిపోగానే పెన్సిల్ పక్కన పెట్టేస్తారు.

గొట్టం కొలత, లేత్ మోడల్ ఇక్కడే రాస్తే ఏ సైజు మాండ్రెల్ సరిపోతుందో చెబుతాను. చిల్లు వేశాక రెండు కొనల ఫొటోలు పెట్టండి, నడుమ పడిందో లేదో చూసి అతికించే ముందే చెప్పగలను.